అడ్డపొగ నుంచి ఉప్మా దాకా

శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల తీరపు ఊళ్లలో చుట్ట కాల్చే ఆడవాళ్లను మొదటిసారి చూసినవాళ్లు కాసేపు తికమకపడతారు. పెదాల మధ్య చుట్ట ఉంది, పొగ వస్తోంది, నిప్పు మాత్రం ఎక్కడా కనిపించదు. నిప్పు నోట్లో ఉంది. చుట్టను ముందు మామూలుగానే వెలిగిస్తారు. నాలుగు దమ్ములు లాగి, బాగా అంటుకున్నాక తిప్పేసి, కాలే కొసను లోపలికి పెట్టుకుంటారు. దీన్నే అడ్డపొగ అంటారు. పెదాల తడికి చుట్ట నెమ్మదిగా కాలుతుంది, చాలాసేపు వస్తుంది. బూడిదను అప్పుడప్పుడు ఉమ్మేస్తారు, కొంత మింగేస్తారు కూడా.

ఎందుకిలా అని అడిగిన పరిశోధకులకు రకరకాల జవాబులు వచ్చాయి. గాలికి ఆరిపోదు. నీళ్లలో పనిచేస్తున్నా తడవదు. చంకలోని బిడ్డ మీద నిప్పురవ్వ పడదు. పంటినొప్పికి మంచిదని కొందరన్నారు. వీటన్నిటికంటే బలమైన కారణం ఒకటుంది: అమ్మ అలాగే కాల్చేది. బీడీ, సిగరెట్ల అలవాటు ఎక్కువగా మగవాళ్లలో కనిపించే దేశంలో, ఈ ఒక్క అలవాటు తల్లి నుంచి కూతురికి వచ్చింది.

ఇలా కాల్చేవాళ్ల నోళ్లలో విశాఖ వైద్యులకు 1930ల నుంచే ఒక వింత కనిపిస్తూ వచ్చింది. నోటి క్యాన్సర్ మన దేశంలో కొత్తది కాదు. అది ఎక్కువగా బుగ్గ లోపల, నాలుక అంచున, చిగుళ్ల దగ్గర వస్తుంది. ఇక్కడ మాత్రం అంగిలికి, అదీ పళ్ల వెనక ఉండే గట్టి భాగానికి వస్తోంది. ప్రపంచంలో మరెక్కడైనా అరుదుగా కనిపించే క్యాన్సర్ ఇది. బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో పాథాలజిస్టుగా ఉన్న వసంత్ రామ్‌జీ ఖానోల్కర్, సూర్యాబాయితో కలిసి 1945లో ఒక వ్యాసం ప్రచురించారు. మనుషుల వాడుకల వల్ల వచ్చే మూడు క్యాన్సర్ల గురించి ఆ వ్యాసం. నడుముకు బిగించి కట్టే పంచె ఒరుసుకునేచోట వచ్చేది ఒకటి, పెదవి కింద ఖైనీ పెట్టుకునేవాళ్లకు వచ్చేది ఇంకొకటి, అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి క్యాన్సర్ మూడోది. మూడింటిలోనూ సూక్ష్మజీవి లేదు. ఒక అలవాటు ఉంది, అది రోజూ తాకే చోటు ఉంది, ఆ చోటే జబ్బు ఉంది.

తర్వాత బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంతవైద్య పరిశోధకుడు ఫాలీ మెహతా, డెన్మార్క్ నోటి వ్యాధుల నిపుణుడు యెన్స్ పిండ్‌బోర్గ్, గణాంకవేత్త ప్రకాశ్ గుప్తా, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగే సర్వే చేయించారు. 10,169 మంది నోళ్లు తెరిపించి చూశారు. ఆ ఫలితాలు 1971లో అచ్చయ్యాయి. చూసినవారిలో 43.8 శాతం మందికి అడ్డపొగ అలవాటుంది. వారి అంగిళ్ల మీద తెల్లటి మందపు పొరలు, మధ్యలో ఎర్రచుక్క ఉన్న బొడిపెలు, ఎర్రబారిన మచ్చలు, పుండ్లు కనిపించాయి. ఆ ఎర్రచుక్కలు అంగిలిలోని చిన్నచిన్న లాలాజల గ్రంథుల నోళ్లు. వేడికీ తారుకీ చుట్టూ ఉన్న చర్మం మందమెక్కితే, అవి గుంటల అడుగున ఎర్రగా మిగిలిపోతాయి.

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. వేలమంది అడ్డపొగ తాగారు. క్యాన్సర్ వచ్చింది కొందరికే. ఎనభై ఏళ్ల వరకూ చుట్ట వదలకుండా, ఏ జబ్బూ లేకుండా పోయిన ముసలమ్మ ప్రతి ఊళ్లోనూ ఒకరు ఉంటారు. అలాంటప్పుడు అడ్డపొగ వల్లే క్యాన్సర్ వస్తుందని ఎలా చెప్పడం?

ఈ ప్రశ్నకు పాత వైద్యం దగ్గర జవాబు లేదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ మైక్రోస్కోప్ కింద దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవిని పట్టుకున్నాడు. అంతకు పదిహేనేళ్ల ముందు రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని చూపించాడు. ఆ విజయాల తర్వాత వైద్యులకు ఒక పద్ధతి అలవాటైంది. జబ్బు వెనక ఒక దొంగ ఉంటాడు, వాణ్ని పట్టుకుంటే చాలు. మలేరియాకు అది సరిపోయింది. అంగిలి క్యాన్సర్‌కు, గుండెపోటుకు, పక్షవాతానికి, షుగర్‌కు సరిపోదు. వీటికి అంటించేవాళ్లు లేరు, పలానా రోజున అంటుకుందని చెప్పలేం. వీటిని పుస్తకాల్లో అసాంక్రమిక వ్యాధులంటారు. ఇంటికొచ్చి బీపీ చూసే ఏఎన్ఎం, ఆశ కార్యకర్తల నోట్లో అవి ఎన్‌సీడీలు. ఇరవై, ముప్పై ఏళ్లపాటు లోపల్లోపల తయారై, ఒకరోజు ఉన్నట్టుండి బయటపడతాయి. ఆ ముప్పై ఏళ్లలో ఏం జరిగిందో తెలియాలంటే ఆసుపత్రికి వచ్చిన రోగిని చూస్తే చాలదు. జబ్బు రాకముందే, ఇంకా ఆరోగ్యంగా ఉన్న మనుషుల్ని లెక్కబెట్టడం మొదలుపెట్టాలి.

అలా మొదలుపెట్టడానికి ఒక అధ్యక్షుడి చావు కారణమైంది.

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ను 1944 మార్చిలో హోవర్డ్ బ్రుయెన్ అనే యువ గుండె వైద్యుడు పరీక్షించాడు. రక్తపోటు 186/108. గుండె అప్పటికే పెద్దదైంది. అధ్యక్షుడి సొంత వైద్యుడు రాస్ మెకిన్‌టైర్ చెవి, ముక్కు, గొంతు నిపుణుడు. ఆయన మాత్రం బయటి ప్రపంచానికి అంతా బాగానే ఉందని చెబుతూ వచ్చాడు. అప్పట్లో చాలామంది వైద్యుల నమ్మకం కూడా దానికి దగ్గరగానే ఉండేది. వయసుతో పాటు రక్తనాళాలు గట్టిపడతాయి, వాటిలో రక్తం పారాలంటే ఒత్తిడి పెరగాల్సిందే అనుకునేవారు.    1945 ఏప్రిల్ 12న జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో రూజ్‌వెల్ట్ తల పట్టుకుని కుప్పకూలిపోయాడు. అప్పుడు బ్రుయెన్ చూసిన రక్తపోటు 300/190. మెదడులో రక్తనాళం చిట్లి ఆ మధ్యాహ్నమే చనిపోయాడు. వయసు 63.

మూడేళ్ల తర్వాత, 1948లో, అధ్యక్షుడు ట్రూమన్ జాతీయ హృదయ చట్టం మీద సంతకం చేశాడు. ఆ డబ్బుతో బోస్టన్‌కు పడమరగా, ఇరవై మైళ్ల దూరంలో ఉన్న ఫ్రేమింగ్‌హామ్ అనే చిన్న పట్నంలో ఒక అధ్యయనం మొదలైంది. 5,209 మంది స్త్రీపురుషుల్ని చేర్చుకున్నారు. రెండేళ్లకోసారి పిలిచి రక్తపోటు, బరువు, కొలెస్టరాల్, ఈసీజీ చూశారు, అలవాట్లు అడిగారు. మందులివ్వలేదు, ప్రయోగాలు చేయలేదు. ఎవరికి గుండెపోటు వస్తుందో కనిపెట్టుకుని ఉన్నారు. 1961లో విలియం కానెల్, ఆయన సహచరులు ఆరేళ్ల లెక్కలు ప్రచురించారు. రక్తపోటు, కొలెస్టరాల్ ఎక్కువ ఉన్నవారికి గుండెజబ్బు అవకాశం కొన్ని రెట్లు పెరిగింది. ‘రిస్క్ ఫ్యాక్టర్’ అనే మాట వైద్యుల నోళ్లలో నానడం అప్పటినుంచే. తెలుగులో ముప్పు కారకం అంటున్నాం. ముప్పు ఉన్న ప్రతివాడికీ జబ్బు రాదు, ముప్పు లేనివాడికి రాకుండానూ పోదు. వేలమందిని పక్కపక్కన నిలబెట్టి చూస్తేనే అది కనిపిస్తుంది. ఊళ్లో ఎనభై ఏళ్లు చుట్ట కాల్చిన ముసలమ్మ ఉండటానికీ, చుట్ట ప్రమాదకరమని చెప్పడానికీ మధ్య అందుకే పేచీ లేదు.

అయితే లెక్కల్లో రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి ఇంకొకదానికి కారణమైపోదు. దీనికి లండన్ డబుల్ డెక్కర్ బస్సుల కథ కంటే మంచి ఉదాహరణ దొరకదు. డ్రైవర్ రోజంతా సీట్లో కూర్చుంటాడు. కండక్టర్ టిక్కెట్ల కోసం రోజుకు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే దారి, ఇంచుమించు ఒకే జీతం. 1953లో బ్రిటిష్ పరిశోధకుడు జెరీ మోరిస్ చూపించినదాన్ని బట్టి కండక్టర్లకు గుండెజబ్బు డ్రైవర్ల కంటే తక్కువగా వస్తోంది, వచ్చినా ప్రాణం మీదికి రావడం తక్కువ. శారీరక శ్రమ గుండెను కాపాడుతుందన్న ఆలోచనకు ఇది గట్టి పునాది. మోరిస్ అక్కడితో తృప్తిపడలేదు. సంస్థ కుట్టించి ఇచ్చే యూనిఫారాల కొలతలు తీసి చూశాడు. డ్రైవర్ల ప్యాంట్ల నడుము కొలత కండక్టర్ల కంటే పెద్దది. కొత్తగా చేరిన కుర్ర డ్రైవర్లలోనూ అంతే. అంటే కూర్చునే పని వల్ల లావవడం ఒక్కటే కాదు, కాస్త లావుగా ఉన్నవాళ్లే ఆ పనిలో చేరుతూ ఉండొచ్చు. తన సిద్ధాంతాన్ని తానే అనుమానించి 1956లో ఆ ప్యాంట్ల లెక్కను కూడా అచ్చువేసిన మోరిస్ నిజాయితీ ఈ శాస్త్రం మీద నమ్మకం పెంచుతుంది.

కారణమో కాదో తేల్చడానికి ఇంకో దారి ఉంది. కారణమనుకున్నదాన్ని తీసేసి, ఏమవుతుందో చూడటం. ఆ పని శ్రీకాకుళంలోనే జరిగింది. మెహతా, గుప్తా, పిండ్‌బోర్గ్ 1970ల చివర్లో శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాల్లో 36,000 మందికి పైగా పొగాకు వాడేవారిని ఎంచుకున్నారు. ఏటా నోళ్లు చూస్తూ, మానమని మనిషి మనిషికీ చెప్పారు, ప్రచారం కూడా చేశారు. ఐదేళ్ల తర్వాత చూస్తే, ఇలాంటి బోధన లేని పాత బృందంతో పోలిస్తే, మానేసినవారూ తగ్గించినవారూ ఎక్కువయ్యారు. క్యాన్సర్‌కు ముందు దశ అనదగ్గ మచ్చలు కొత్తగా రావడం తగ్గింది. 1986లో ‘లాన్సెట్’ దీన్ని ప్రచురించింది. క్యాన్సర్‌ను ముందే ఆపొచ్చా అని ప్రపంచం ఇంకా వాదించుకుంటున్న కాలంలో, జవాబులో ఒక భాగం సిక్కోలు పల్లెల నుంచి వెళ్లింది. ఆ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండవలసింది.

అడ్డపొగ ఒక మూల ఉన్న అలవాటు. గుండెజబ్బు, పక్షవాతం అలా కాదు. చాలాకాలం వాటిని పట్నం జబ్బులు, డబ్బున్నవాళ్ల జబ్బులు అనుకున్నారు. పల్లెలో చనిపోతే విరేచనాలు, క్షయ, పాముకాటు, లేదా ‘వయసు మీద పడింది’. పల్లెల్లో చావులెక్కువ ఇళ్లలోనే జరుగుతాయి, వైద్యుడు రాసే కారణం ఉండదు కాబట్టి ఈ అభిప్రాయాన్ని పరీక్షించే దారి కూడా లేకపోయింది.

2003లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో ఆ పని మొదలైంది. అప్పట్లో అక్కడ దాదాపు 1,80,000 మంది ఉండేవారు. ఏడాదిపాటు ప్రతి చావునూ నమోదు చేశారు. మరణం జరిగిన ఇంటికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త వెళ్లి, ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడాలి. ఛాతీలో నొప్పి వచ్చిందా? చెమటలు పట్టాయా? మూతి వంకర పోయిందా? ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయా? ఎన్నాళ్లు మంచాన ఉన్నారు? ఆ జవాబుల్ని వైద్యులు చదివి చావుకు కారణం నిర్ణయిస్తారు. శరీరాన్ని కోయకుండా మాటలతో చేసే పోస్ట్‌మార్టం ఇది. తండ్రిని పోగొట్టుకున్న ఇంటి అరుగు మీద కూర్చుని ఇవన్నీ అడగడం తేలిక కాదు. అయినా నూటికి తొంభై ఎనిమిది చావుల వివరాలు రాబట్టగలిగారు.

మొత్తం 1,354 మరణాలు. వాటిలో 32 శాతానికి కారణం గుండె, రక్తనాళాల జబ్బులు. గుండెపోటుకూ పక్షవాతానికీ ఇంచుమించు సమాన వాటా. ప్రమాదాలు, ఆత్మహత్యల వంటివి 13 శాతం. క్షయ, విరేచనాలతో సహా అన్ని అంటువ్యాధులూ కలిపి 12 శాతం. వరిచేలు, కాలవగట్లు, కొబ్బరితోటలు ఉన్న డెల్టా పల్లెల్లో మనుషులు అప్పటికే పెద్ద నగరాల్లో పోయినట్టే పోతున్నారు. తేడా ఒక్కటే. నగరంలో గుండె ఆసుపత్రి ఉంటుంది.

దేశం మొత్తానిదీ ఇదే దారి. 1990లో భారతదేశంలో జరిగిన మరణాల్లో అసాంక్రమిక వ్యాధుల వాటా 37.9 శాతం. 2016 నాటికి అది 61.8 శాతానికి చేరింది. ఐసీఎంఆర్ జరిపించిన సర్వే 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవారు 10.1 కోట్లు, షుగర్ గడప మీద నిలబడ్డవారు 13.6 కోట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2021లో ప్రపంచం మొత్తం మీద అసాంక్రమిక వ్యాధులతో పోయినవారు కనీసం 4.3 కోట్లు. అందులో 1.8 కోట్ల మందికి డెబ్బై ఏళ్లు కూడా నిండలేదు. అలా అర్ధాయుష్షుతో పోయినవారిలో నూటికి 82 మంది తక్కువ, మధ్య ఆదాయ దేశాలవాళ్లు. డబ్బున్నవాళ్ల జబ్బన్న మాటకు ఇక చోటు లేదు.

ముప్పు కారకాల జాబితా అందరికీ తెలిసిందే: పొగాకు, మద్యం, ఉప్పూ నూనే పంచదారా ఎక్కువైన తిండి, ఒళ్లు కదలని పని, గాలి కాలుష్యం. జాబితా చదివితే తప్పంతా మనిషిదే అనిపిస్తుంది. ఉప్పు ఒక్కటి తీసుకుని చూద్దాం. ఒంట్లో ఉప్పు పెరిగితే దాన్ని పలచబరచడానికి మూత్రపిండాలు నీటిని బయటికి పోనివ్వకుండా ఆపుతాయి. రక్తనాళాల్లో ద్రవం పెరిగి, గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికి గోడలు మందమెక్కి, సాగే గుణం పోగొట్టుకుంటాయి. రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 24 గంటల మూత్రం సేకరించి లెక్కగట్టిన అధ్యయనంలో సగటు వాడకం 9 గ్రాములు దాటింది. వెంటనే ఆవకాయ జాడీ వైపు వేలు చూపిస్తాం. నిజానికి ఎక్కువ ఉప్పు వచ్చేది పప్పులో, కూరలో, చారులో వంటింట్లో రోజూ వేసే చెంచా నుంచి. ఇంట్లో ఆరుగురికి కలిపి వండే గిన్నెలో బీపీ ఉన్న ఒక్కరికోసం ఉప్పు తగ్గించడం ఎంత కష్టమో వండే ఆడవాళ్లకు తెలుసు. కూర తక్కువ, అన్నం ఎక్కువ ఉన్న పళ్లెంలో అన్నం దిగాలంటే ఉప్పూ కారమే దిక్కు. ఉప్పు తగ్గించమని చీటీ మీద రాయడం తేలిక. పళ్లెంలో ఇంకో కూర చేరితే తప్ప ఆ మాట అమలు కాదు.

మనిషి ఎన్నుకోని ముప్పులు ఇంకా వెనక్కి వెళతాయి. 2004లో ‘లాన్సెట్’లో వచ్చిన ఒక ఫోటోలో ఇద్దరు శాస్త్రవేత్తలు పక్కపక్కన ఉంటారు. పుణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తూ బరువూ లెక్కగట్టే బీఎంఐ ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుడి ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఫ్రేమింగ్‌హామ్ తెల్లవారి కొలతలు మనకు అతకకపోవడానికి ఇదో కారణం. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి ఆసియా సంతతివారికి బీఎంఐ 25 కాదు, 23 దాటగానే షుగర్ పరీక్ష చేయమంటోంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగువాడు అక్కడి లెక్కల్లో సన్నగా ఉన్నా పరీక్ష చేయించుకోవలసింది ఇందుకే. యాజ్ఞిక్ బృందం పుణే దగ్గరి పల్లెల్లో అప్పుడే పుట్టిన పిల్లల్ని కొలిచింది. తక్కువ బరువుతో పుట్టిన ఆ పసికందుల్లోనూ అదే పోలిక. కడుపులో తిండి చాలని బిడ్డ మెదడును కాపాడుకుని, కండను వదులుకుంటుంది.

అయితే తల్లికి తిండి పెడితే ముప్పు తగ్గుతుందా? దీనికి జవాబు వెతికింది హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో. 1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ 29 ఊళ్లలో ఒక పరిశీలన జరిపింది. అంగన్‌వాడీ పథకం కొన్ని ఊళ్లకు అప్పటికే చేరింది, కొన్నిటికి ఇంకా రాలేదు. చేరిన 15 ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన రవ్వతో, సోయా నూనెతో చేసిన ఉప్మా. మిగతా 14 ఊళ్లలో అది లేదు. అప్పట్లో చూసింది పుట్టిన బిడ్డల బరువు మాత్రమే. గుండె గురించి ఎవరూ ఆలోచించలేదు.

పదిహేనేళ్లు గడిచాయి. సంజయ్ కిన్రా, రామేశ్వర శర్మ, గఫూరున్నీసా, ఇతర పరిశోధకులు ఆ పల్లెలకు మళ్లీ వెళ్లి, అప్పటి బిడ్డల్ని వెతికి పట్టుకున్నారు. 13 నుంచి 18 ఏళ్ల వయసులో ఉన్న 1,165 మంది పరీక్షలకు వచ్చారు. ఉప్మా ఊళ్ల పిల్లలు మిగతావారికంటే సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. వారి ఒంట్లో ఇన్సులిన్‌కు ఎదురుతిరిగే గుణం 20 శాతం తక్కువ. ధమనుల బిగువు కూడా తక్కువ. తేడాలు చిన్నవే. పైగా అంగన్‌వాడీ ఉన్న ఊళ్లలో టీకాల వంటి వేరే సేవలూ ఉండేవి కాబట్టి ఫలితమంతా ఉప్మాదేనని తేల్చి చెప్పలేం. పరిశోధకులు 2008లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో ఆ పరిమితులన్నీ రాసే ప్రచురించారు. తర్వాత ఆ పిల్లల తల్లిదండ్రుల్ని, తోబుట్టువుల్ని కూడా కలుపుకుని అధ్యయనాన్ని విస్తరించారు.

ధమని బిగువు కొలిచే పరికరం కొస పెన్సిలంత ఉంటుంది. దాన్ని మణికట్టు మీద, నాడి కొట్టుకునే చోట తేలిగ్గా ఆనిస్తారు. గుండె కొట్టినప్పుడల్లా బయల్దేరే అల ఎంత తొందరగా తిరిగివస్తోందో తెర మీద గీత పడుతుంది. గోడ గట్టిపడేకొద్దీ అల తొందరగా తిరిగివస్తుంది. తల్లి కడుపులో ఉండగా అంగన్‌వాడీ ఉప్మా అందిన పిల్లలు పదహారేళ్ల వయసులో ఆ పరికరం ముందు చెయ్యి చాపి కూర్చున్నారు. వారి అల కాస్త ఆలస్యంగా తిరిగివచ్చింది.